పేరు పెట్టి పిలిచే గొంతు

జుమాదల్ ఊలా మాసంలో ఒక రాత్రి రెండు గంటల వేళ దాహమై లేచాను. ఇంట్లో దీపాలన్నీ ఆర్పి ఉన్నాయి. అయినా చిన్న గది తలుపు సందులోంచి నీలిరంగు వెలుతురు గచ్చు మీద సన్నని గీతలా పడుతూ ఉంది. ఆ వెనుకనే అణచుకున్న నవ్వు ఒకటి వినిపించింది. అది మా చిన్నబ్బాయి నవ్వు. ఆ వేళప్పుడు వాడి చేతిలో ఫోను ఉన్నందుకు కోపం రావలసిన క్షణమది. వచ్చింది కూడా. అయితే కోపం కంటే ముందు మరో ఆలోచన వచ్చి మనసును కలచివేసింది. వీడు ఇలా నవ్వగా విని ఎన్నాళ్ళయింది?

ప్రియ పాఠక సోదర సోదరీమణులారా! ఈ శీర్షికలో ఇన్నేళ్ళుగా మీ ఇళ్ళ సమస్యల గురించి రాశాను. మీరు రాసిన ఉత్తరాలకు తోచిన సలహాలిచ్చాను. ఈ నెల మా ఇంటి సంగతి రాస్తున్నాను. ఇందుకు మా అబ్బాయి అనుమతి తీసుకున్నాను. పేరు మాత్రం రాయవద్దన్నాడు, రాయడం లేదు. వాడికి పదిహేనేళ్ళు. పదవ తరగతి చదువుతున్నాడు.

ఆ రాత్రి తలుపు నెట్టగానే ఫోను దిండు కిందికి వెళ్ళిపోయింది. నేను దిండెత్తి, ఫోను తీసుకుని, బీరువాలో పెట్టి తాళం వేశాను. ఆ రోజు ఫజ్ర్ నమాజుకు వాడిని మూడుసార్లు లేపవలసి వచ్చింది. మసీదు నుంచి వచ్చాక ఎదురుగా కూర్చోబెట్టుకుని అరగంట సేపు హితబోధ చేశాను. ఆరోగ్యం, తీరిక అనే రెండు వరాల విషయంలో చాలామంది నష్టపోతారని దైవప్రవక్త (స) చేసిన హెచ్చరికను గుర్తుచేశాను. ప్రళయదినాన ఆయుష్షును గురించి, యౌవనాన్ని గురించి లెక్క చెప్పవలసి ఉంటుందన్నాను. వాడు తలవంచుకుని విన్నాడు. ఎదురు చెప్పలేదు. సమస్య తీరిపోయిందనుకున్నాను.

తర్వాత పదకొండు రోజులు వాడు నాతో మాట్లాడలేదు. అవిధేయత ఏమీ లేదు. సలాము చెప్పేవాడు, పెట్టింది తినేవాడు, నా పక్కనే నిలబడి నమాజు చేసేవాడు. అడిగిన దానికి 'ఊఁ', 'లేదు', 'చాలు' అనే మూడు మాటల్లో జవాబిచ్చేవాడు. ఫోను బీరువాలో ఉంది. పిల్లవాడు మాత్రం నా చేతికి అందనంత దూరంలో ఉన్నాడు.

ఆ పదకొండు రోజుల్లో నా బాల్యం పదే పదే గుర్తుకొచ్చింది. మాది ప్రకాశం జిల్లాలో ఒక చిన్న పట్టణం. అస్ర్ నమాజు కాగానే మసీదు వెనుక ఖాళీ స్థలంలోకి పరుగెత్తేవాళ్ళం. గోలీలు, బొంగరాలు, బిళ్ళంగోడు, కబడ్డీ. ఆడుతున్నంత సేపూ లోకం తెలిసేది కాదు. కొట్టుకునేవాళ్ళం, అలిగేవాళ్ళం, మోకాళ్ళు చీరుకుపోయేవి. కానీ మగ్రిబ్ అజాన్ వినిపించిందంటే ఆట ఎంత రసపట్టులో ఉన్నా ఆగిపోయేది. అదే సమయానికి వీధి పొడవునా గడపల దగ్గరి నుంచి తల్లుల పిలుపులు మొదలయ్యేవి. ప్రతి తల్లీ తన బిడ్డను పేరు పెట్టి పిలిచేది. మా అమ్మ పిలుపును నేను నలభై గొంతుల్లోంచి గుర్తుపట్టేవాణ్ణి.

ఈనాటి పిల్లల కంటే మేము మంచివాళ్ళమని చెప్పడానికి ఇది రాయడం లేదు. మా చేతికి అటువంటి ఫోనే వచ్చి ఉంటే మేమూ తెల్లవార్లూ చూసేవాళ్ళమే. తేడా మాలో లేదు. మా ఆటకు ఒక అంచు ఉండేది, ఆ అంచు దగ్గర నిలబడి మమ్మల్ని ఇంటికి పిలిచే గొంతు ఒకటి ఉండేది.

ఇరవై నాలుగేళ్ళ క్రితం ఉద్యోగరీత్యా హైదరాబాదు వచ్చాను. టోలిచౌకి ప్రాంతంలో ఒక అపార్టుమెంటు మూడవ అంతస్తులో ఉంటున్నాం. మేడ ఎక్కితే కుతుబ్‌షాహీ సమాధుల గుమ్మటాలు కనిపిస్తాయి. మేము వచ్చిన కొత్తలో ఆ గుమ్మటాలకూ మా ఇంటికీ మధ్య అక్కడక్కడా ఖాళీ స్థలాలుండేవి, వాటిలో పిల్లలు క్రికెట్ ఆడేవారు. ఒక్కొక్కటిగా అన్నీ భవనాలయ్యాయి. నేను ఫజ్ర్ తర్వాత బయలుదేరి మద్రసాకు వెళతాను. సాయంత్రం మూడు ఇళ్ళలో పిల్లలకు ఖుర్ఆన్ పఠనం నేర్పి, ఇషా దాటాక ఇల్లు చేరతాను. నగరం నాకు జీతమిచ్చింది, పొద్దంతా తీసుకుంది. అల్లాహ్ ఇచ్చిన ఉపాధికి కృతజ్ఞుణ్ణే. కానీ పిల్లవాడి సాయంత్రాలు ఎలా గడుస్తున్నాయో నాకు తెలియలేదన్నది నిజం.

మా అపార్టుమెంటు పిల్లలు కొంతకాలం సెల్లారులో ఆడుకునేవారు. ఒకనాడు బంతి తగిలి ఎవరిదో కారు అద్దం పగిలింది. వెంటనే 'ఇక్కడ ఆటలు నిషేధం' అని ఒక కాగితం రాసి గోడకు అంటించారు. దాని కింద నివాసులందరూ సంతకాలు చేశారు. మొత్తం పదహారు సంతకాలు. తొమ్మిదవది నాది. నాకు కారు లేదు. అయినా సంతకం చేశాను. పిల్లలు ఇక ఎక్కడ ఆడుకుంటారని ఆ పదహారు మందిలో ఒక్కరమూ అడగలేదు.

ఆ తర్వాత 2020 వచ్చింది. కరోనా వల్ల మార్చి నెలలో పాఠశాలలు మూతపడ్డాయి. ఆ ఏడాది సెప్టెంబరు 1న తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ చానళ్ళ ద్వారా పాఠాలు మొదలయ్యాయి. మా అబ్బాయి చదివే బడివారు మాత్రం ఫోనులో తరగతులు పెట్టారు. వాయిదాల మీద ఫోను కొని, బిస్మిల్లాహ్ చెప్పి, పదేళ్ళ పిల్లవాడి చేతిలో పెట్టింది నేనే. సెప్టెంబరు 2న కేంద్ర ప్రభుత్వం 118 యాప్‌లను నిషేధించింది. అందులో పబ్జీ మొబైల్ కూడా ఉంది. ఆ వార్త చదివి ఎంతో సంతోషించాను. ఇక బెంగ లేదని ఇంట్లోవాళ్ళతో అన్నాను. మరుసటి ఏడాదే ఆ ఆట మరో పేరుతో తిరిగి వచ్చింది. అటువంటివి ఇంకా పుట్టుకొచ్చాయి. చైనాలో 2021 నుంచి పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలు శుక్ర, శని, ఆదివారాల్లోనూ సెలవు దినాల్లోనూ రాత్రి 8 నుంచి 9 దాకా మాత్రమే ఆన్‌లైన్ ఆటలు ఆడాలని నిబంధన పెట్టారు. చట్టం అవసరమే. తలుపు మూయడం దాని పని. పిల్లవాడు ఆ తలుపు దగ్గరికి ఎందుకు వెళ్ళాడని అడగడం మాత్రం ఇంటి పెద్దల పని.

పన్నెండవ రోజు ఉదయం టీ ఇస్తూ నా భార్య అడిగింది: "ఏమండీ, వాడు ఆడే ఆట పేరేమిటి?"

నాకు తెలియదన్నాను.

"ఆ రాత్రి ఎవరితో నవ్వుతున్నాడు?"

అదీ తెలియదన్నాను. ఆమె మరేమీ అనకుండా వంటింట్లోకి వెళ్ళిపోయింది.

అల్లాహ్ చేసే ఏర్పాట్లు విచిత్రంగా ఉంటాయి. ఆ రోజు మద్రసాలో నేను చెప్పవలసిన పాఠం హజ్రత్ అబూ ఉమైర్ (రజి) హదీసు. పాఠకులలో చాలామందికి తెలిసిన విషయమే. హజ్రత్ అనస్ (రజి)కి ఒక చిన్న తమ్ముడు ఉండేవాడు. ఆ పసివాడి దగ్గర ఒక చిన్న పిట్ట ఉండేది. వాడు దానితో ఆడుకునేవాడు. అది చనిపోయింది. వారింటికి వెళ్ళిన దైవప్రవక్త (స) పసివాడు దిగులుగా ఉండటం గమనించారు. పెద్దమనిషిని పిలిచినట్లు 'అబూ ఉమైర్' అని గౌరవంగా పిలిచి, అతని పేరుకు ప్రాస కుదిరేలా 'నుగైర్' అంటూ ఆ పిట్ట సంగతి అడిగారు. అప్పటికి ఆయన ఒక రాజ్యాన్ని నడుపుతున్నారు. దూతలు వస్తున్నారు, సేనలు వెళుతున్నాయి, దైవవాణి అవతరిస్తోంది. అన్ని బాధ్యతల నడుమ ఒక పిల్లవాడికి పిట్ట ఉందని ఆయనకు తెలుసు. అది ఏ పిట్టో కూడా తెలుసు.

హిజ్రీ నాలుగవ శతాబ్దికి చెందిన షాఫయీ ధర్మవేత్త ఇబ్నుల్ ఖాస్ (రహ్మ) ఈ ఒక్క హదీసు నుంచి అరవై దాకా ధర్మసూక్ష్మాలను వెలికితీసి ఒక ప్రత్యేక గ్రంథమే రాశారు. నేను ప్రతి సంవత్సరం వాటిలో కొన్నింటిని విద్యార్థులకు చెబుతాను. పసివాడికి కునియత్ పెట్టి పిలవవచ్చు, పిల్లలు పక్షిని పెంచుకోవచ్చు, పరిహాసమాడవచ్చు అంటూ వరుసగా చెప్పుకుపోతాను. ఆ రోజు మూడవ అంశం దగ్గర నా నోట మాట ఆగిపోయింది. ఇరవై ఏళ్ళుగా ఈ పాఠం చెబుతున్నాను. నా సొంత బిడ్డ ఆడే ఆట పేరు నాకు తెలియదు.

శుక్రవారం మద్రసాకు సెలవు. అస్ర్ తర్వాత బీరువా తాళం తీసి, ఫోను పట్టుకుని, వాడిని మేడ మీదికి రమ్మన్నాను. నీళ్ళ ట్యాంకు నీడలో ఇద్దరం కూర్చున్నాం.

"నీ ఆట ఎలా ఆడతారో నాకు చూపిస్తావా?"

వాడు అనుమానంగా చూశాడు. "దేనికి అబ్బా?"

"తెలుసుకుందామని."

మొదట ముక్తసరిగా చెప్పాడు. కాసేపటికి మాట సాగింది. వందమంది ఆటగాళ్ళు విమానంలోంచి ఒక ద్వీపం మీదికి దూకుతారట. ఆయుధాలు వెతుక్కోవాలట. ఆడుతున్న కొద్దీ సురక్షితమైన వలయం చిన్నదవుతూ పోతుందట. చివరికి మిగిలిన జట్టుదే గెలుపు. జట్టుకు నలుగురు. వీడి జట్టులో ఒకడిది విజయవాడ, ఒకడిది నిజామాబాదు, మూడవవాడు దమ్మాంలో పనిచేసే కరీంనగర్ కుటుంబంలోని పిల్లవాడు. ముఖాలు చూసుకోలేదు, గొంతులు మాత్రం బాగా తెలుసు. ఎవరైనా దెబ్బతిని పడిపోతే జట్టులోని వాడు పక్కకు వచ్చి లేపవచ్చట. అలా లేపుతున్న సమయంలో వాడికీ ప్రమాదమేనట. "అయినా వస్తారు అబ్బా" అన్నాడు.

"ఆ రాత్రి అంతగా నవ్వావు, ఎందుకు?" అని అడిగాను.

కొంచెం సేపు గుమ్మటాల వైపు చూస్తూ ఊరుకున్నాడు. తర్వాత చెప్పాడు. ఆ రోజు బడిలో లెక్కల పేపరు ఇచ్చారట. 80కి 21 వచ్చాయట. ఇంట్లో చెప్పే ధైర్యం లేక కాగితాన్ని పాత పుస్తకాల మధ్య దాచాడట. రాత్రి నిద్రపట్టక ఫోను తీశాడట. వీడి గొంతులో తేడా గమనించి ఆ పిల్లలు అడిగారట, చెప్పాడట. విజయవాడ అబ్బాయి తనకు 17 వచ్చాయని, తన కంటే వీడు తెలివైనవాడేనని అన్నాడట. దానికి నవ్వు వచ్చిందట.

నేను ఒక ఇంట్లో, రెండు గదుల దూరంలో, వాడి కోసమే పగలంతా కష్టపడి పడుకుని ఉన్నాను. నా బిడ్డ పరీక్ష తప్పిన సంగతి నాకు తెలియలేదు. విజయవాడలో ఉన్న ఒక ముఖం తెలియని పిల్లవాడికి తెలిసింది.

"నాకు చెప్పవచ్చు కదా, బేటా?"

వాడు నన్ను నొప్పించాలని కాకుండా మెల్లగా అన్నాడు: "మీరు అడిగితే మార్కులెన్నని అడుగుతారు అబ్బా. వాళ్ళు ఏమైందిరా అని అడిగారు."

నా దగ్గర జవాబు లేదు. హజ్రత్ ఆయిషా (రజి) తన స్నేహితురాళ్ళతో బొమ్మలాట ఆడుకుంటున్నప్పుడు దైవప్రవక్త (స) ఇంట్లోకి వస్తే ఆ పిల్లలు బిడియపడి దాక్కునేవారని, ఆయన వారిని తిరిగి ఆమె దగ్గరికి ఆడుకోవడానికి పంపేవారని హదీసు గ్రంథాల్లో ఉంది. మనం గదిలోకి వెళితే మన పిల్లలూ దాచేస్తారు. వారు దాచినదాన్ని లాక్కోవడమే మనకు తెలుసు. దాక్కున్న బిడ్డను దగ్గరికి పిలవడం తెలియలేదు.

ఇంతమాత్రం చేత ఆ ఆట మంచిదని నేను తీర్మానించానని ఎవరూ అనుకోవద్దు. ఆ సాయంత్రమే వాడితో అన్ని విషయాలూ మాట్లాడాను. నమాజును మింగేసే ఏ వినోదమైనా మనకు తగదన్నాను. తెల్లవారుజామున మూడుసార్లు లేపితేగాని లేవలేని శరీరం దేని పాలైందో నువ్వే ఆలోచించుకో అన్నాను. ఆటలో డబ్బు పెట్టి పెట్టెలు కొంటారని, అందులో ఏముందో తెరిచేదాకా తెలియదని వాడే చెప్పాడు. డబ్బు ఖాయంగా పోయి, వచ్చేది అదృష్టం మీద ఆధారపడితే అది జూదం పోలికే కదా అన్నాను. వాడు ఒప్పుకున్నాడు. తెలంగాణ ప్రభుత్వం 2017లోనే ఆన్‌లైన్ రమ్మీ వంటి పందెం ఆటలను నిషేధించిందని, 2025 ఆగస్టులో కేంద్రం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధిస్తూ చట్టం చేసిందని చెప్పాను. పద్నాలుగు వందల ఏళ్ళ క్రితమే దివ్యఖుర్ఆన్ జూదాన్ని మద్యంతో కలిపి షైతాను చేష్టగా నిషేధించిందని గుర్తుచేశాను. గొంతు మాత్రమే తెలిసిన వారికి ఇంటి చిరునామా, ఫొటోలు, డబ్బు వివరాలు ఎన్నడూ ఇవ్వవద్దని మాట తీసుకున్నాను. అటువైపు ఉన్న గొంతు పిల్లవాడిదే కావాలని లేదు.

తల్లిదండ్రులు తెలుసుకోవలసిన మరో విషయం ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వ్యాధుల వర్గీకరణలో ఆటల వ్యసనాన్ని ఒక రుగ్మతగా చేర్చింది. ఆ వర్గీకరణ 2022 జనవరి నుంచి అమల్లో ఉంది. అయితే ఆడే ప్రతి పిల్లవాడూ రోగి కాడు. ఆటను అదుపులో పెట్టుకోలేకపోవడం, మిగతా పనులన్నింటి కంటే ఆటకే పెద్దపీట వేయడం, నష్టం కళ్ళకు కనిపిస్తున్నా మానలేకపోవడం, ఈ స్థితి సాధారణంగా ఏడాది పాటు కొనసాగడం - ఇవి దాని లక్షణాలు. మీ బిడ్డలో ఇవి కనిపిస్తే తిట్లతో సరిపెట్టకుండా వైద్యుణ్ణి సంప్రదించండి. వ్యాధిగ్రస్తుడికి చికిత్స చేయించడం కూడా మన ధర్మమే.

నా ఉపన్యాసం ముగిశాక వాడు అడిగాడు: "అబ్బా, మీ ఫోను ఒకసారి ఇస్తారా?"

ఇచ్చాను. ఏవో రెండు మీటలు నొక్కి నా ముందు పెట్టాడు. ముందు రోజు నేను ఫోను చూసిన సమయం అందులో రాసి ఉంది: 3 గంటల 40 నిమిషాలు. నమ్మలేకపోయాను. ఇషా తర్వాత ఇంటికి వచ్చి, భోంచేసి, 'కాసేపు' వాట్సాప్ చూడటం నా అలవాటు. మసీదు గ్రూపు, పూర్వ విద్యార్థుల గ్రూపు, బంధువుల గ్రూపు. ఎవరో పంపిన ప్రసంగం, మరెవరో పంపిన దుర్వార్త, వాటిని మరో నలుగురికి పంపడం. విన్నదంతా ఇతరులకు చెప్పడమే ఒక మనిషి అబద్ధాలకోరు అనిపించుకోవడానికి చాలునని దైవప్రవక్త (స) హెచ్చరించిన సంగతి తెలిసినవాణ్ణే. ఈ పనినంతా నేను ధర్మసేవ ఖాతాలో రాసుకుంటున్నాను. నా బిడ్డ పాత పుస్తకాల మధ్య కాగితం దాచిన రాత్రి కూడా నేను హాల్లో కూర్చుని అదే చేస్తున్నాను.

ఫోను తెర మీద వేలితో తోస్తున్న కొద్దీ కొత్త విషయం వస్తూనే ఉంటుంది, అడుగు అనేది తగలదు. ఈ పద్ధతిని 2006లో అజా రాస్కిన్ అనే అమెరికా రూపకర్త తయారుచేశారు. మనిషిని ఆపకుండా లాక్కుపోయే దాని గుణం చూసి తర్వాత ఆయనే బహిరంగంగా పశ్చాత్తాపపడ్డారు. అందులో ఆపే చోటు లేదు. మన జీవనవిధానం దీనికి పూర్తిగా భిన్నమైనది. రోజుకు ఐదుసార్లు అజాన్ వచ్చి మన పనిని, వ్యాపారాన్ని, ఆటను, నిద్రను ఆపుతుంది. ఏడాదికి ఒక మాసం మన ఆకలిని ఆపుతుంది. ఆపడం కూడా కారుణ్యమేనని యాభై ఏళ్ళు దాటాక ఒక ఫోను నాకు నేర్పింది.

ఆ సాయంత్రం మేడ మీద మేమిద్దరం ఒక ఒప్పందానికి వచ్చాం. ఇషా తర్వాత ఇంట్లోని ఫోన్లన్నీ హాల్లో ఉన్న ఒక స్టీలు డబ్బాలోకి వెళతాయి. మొదట పడవలసింది నాది. వాడు శుక్ర, ఆదివారాల్లో అస్ర్ తర్వాత ఆడుకోవచ్చు. మగ్రిబ్ అజాన్ వినిపించగానే ఆట ఎక్కడ ఉన్నా ఆపాలి. డబ్బు పెట్టి ఏదీ కొనకూడదు. లెక్కలు నాకు రావు. కాబట్టి మద్రసాలో ఆధునిక విద్య బోధించే ఒక సహోపాధ్యాయుణ్ణి బతిమాలాను. వారానికి మూడు రోజులు ఆయన వాడికి చెబుతున్నారు. నేను సాయంత్రం పాఠం చెప్పే మూడు ఇళ్ళలో ఒకటి వదులుకున్నాను. నెలకు రెండు వేల రూపాయలు తగ్గాయి. ఆ గంట ఇంట్లో ఉంటున్నాను.

మరో పని కూడా చేశాను. అపార్టుమెంటు సంఘం సమావేశంలో లేచి, ఆ తొమ్మిదవ సంతకాన్ని వెనక్కి తీసుకుంటున్నానని చెప్పాను. కొందరు నవ్వారు. చాలా సేపు వాదన జరిగింది. చివరికి ఆదివారం ఫజ్ర్ తర్వాత ఎనిమిది గంటల దాకా కార్లు ఒక పక్కకు జరిపి, మెత్తని బంతితో పిల్లలు ఆడుకోవడానికి అంగీకరించారు. ఒక పెద్దమనిషి ఇంకా అంగీకరించలేదు. ఆయన కారు కదలదు. పిల్లలు దాని చుట్టూ ఆడుతున్నారు.

మా ఇంట్లో అంతా సర్దుకుందని రాస్తే అబద్ధమవుతుంది. గత వారం ఒక రాత్రి మళ్ళీ ఆ నీలి గీత గచ్చు మీద కనిపించింది. వెళ్ళి చూస్తే స్టీలు డబ్బాలో ఒక ఫోను తక్కువగా ఉంది. నాలో పాత కోపం ఒక్కసారిగా లేచింది. తలుపు నెట్టబోయి ఆగాను. తట్టాను. పేరు పెట్టి పిలిచాను.

లోపల కాసేపు నిశ్శబ్దం. తర్వాత వాడే తలుపు తీశాడు. ఫోను దిండు కింద లేదు, వాడి చేతిలోనే ఉంది. దాన్ని నా వైపు చాపి, "తప్పయింది అబ్బా, నిద్ర రావడం లేదు" అన్నాడు. వెంటనే ఆ మాటకు ముందూ వెనుకా ఏమీ అడక్కుండా వాడి మంచం మీద కూర్చున్నాను. కాసేపటికి "ఏమైందిరా?" అన్నాను. పబ్లిక్ పరీక్షల గురించి భయంగా ఉందన్నాడు. తాను తప్పితే మసీదులో నా పరువు పోతుందని భయమన్నాడు. అది వాడి భయం కాదు, నేను తెలియకుండా వాడి నెత్తిన పెట్టిన బరువు. అల్లాహ్ దగ్గర మన పరువు బిడ్డల మార్కుల మీద ఆధారపడి లేదని చెప్పాను. ఆ మాట వాడితో అంటూ నేనూ విన్నాను. తహజ్జుద్ వేళయింది. ఇద్దరం వుజూ చేసి రెండు రకాతులు నమాజు చేశాం. వాడు తర్వాత గాఢంగా నిద్రపోయాడు. ఫజ్ర్‌కు రెండుసార్లు లేపవలసి వచ్చింది. మూడు కంటే రెండు మేలే కదా.

సోదర సోదరీమణులారా! మీ ఇంట్లోనూ ఏదో ఒక తలుపు కింద ఆ నీలి గీత ఉండవచ్చు. హద్దు పెట్టండి, తప్పకుండా పెట్టండి. హద్దు లేని ప్రేమ బిడ్డకు మేలు చేయదు. కానీ హద్దు పెట్టే ముందు ఒక్క రాత్రి మీ ఫోను పక్కన పెట్టి బిడ్డ దగ్గర కూర్చోండి. వాడు ఆడే ఆట పేరేమిటో, ఎవరితో ఆడుతున్నాడో, ఈ మధ్య ఎందుకు దిగులుగా ఉన్నాడో అడగండి. పిల్లలు తమను పిలిచే చోటికి వెళతారు. ఇల్లు పిలవకపోతే ద్వీపం పిలుస్తుంది.

మన బిడ్డలను మన కంటి చలువగా చేయమని అల్లాహ్‌ను వేడుకుంటూ ఉంటాం. వారి కళ్ళలోని దిగులును చూడగలిగే చూపును, వారి పిట్ట ఊసు అడగగలిగే తీరికను కూడా ఆయన మనకు ప్రసాదించుగాక! ఆమీన్.